ఎకో, ఫిల్టర్ ఎందుకు వాడాలి, ఎక్కడ ఆపాలి? ఊరేగింపులకు మిక్సింగ్ చేసేవాళ్లు చెప్పండి

లంక_మిక్సర్
మొన్న అమలాపురం దగ్గర ఒక పెళ్లి ఊరేగింపుకు వాయించాను. మూడు గంటలు. అంతా అయ్యాక పెళ్లికొడుకు మేనమామ నన్ను పక్కకు పిలిచి, "పాటలు బాగున్నాయి బాబూ, కానీ మధ్యమధ్యలో ఎవరో నూతిలోంచి పాడుతున్నట్టు వినపడుతోంది, ఎందుకని?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆ మాట నన్ను ఇంకా వదలలేదు.

ఇంటికి వచ్చి రికార్డింగు విన్నాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. పాట మారిన ప్రతిచోటా ఎకో వేశాను. ఎకో వేయని చోట ఫిల్టర్ (బేసునో పైశబ్దాన్నో కోసే నాబు) తిప్పాను. ఒకచోట రెండూ కలిపి తిప్పితే చరణం మొత్తం ఒక్క మాట కూడా అర్థం కాలేదు. ఇవి నాకు ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూద్దామంటే వాటిలో అంతా మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో నడిచే యంత్రసంగీతమే. మన దగ్గర పాత సినిమా పాట వేస్తే పల్లవిది ఒక వేగం, చరణానిది ఇంకో వేగం. పైగా నా సౌండు బండి ముందు డప్పులవాళ్లు, అమ్మవారి గరగ (అలంకరించిన కుండ) నెత్తిన పెట్టుకుని ఆడే గరగలవాళ్లు ఉంటారు. వాళ్ల దరువు మీద నా డిలే పడితే అంతా గందరగోళం.

మీరెలా వాడుతున్నారు? ఏ బటన్ నొక్కాలో నాకు తెలుసు. ఎందుకు నొక్కాలో చెప్పండి.

భీమవరం_బేస్
ముందు ఎకో బటన్ మీద ప్లాస్టర్ అంటించి ఒక పెళ్లి చెయ్యి తమ్ముడూ. నిజంగానే చెబుతున్నాను, నేను అలాగే మానుకున్నాను. అది లేకుండా పాట మార్చడం చేతనయ్యాక ప్లాస్టర్ తియ్యి.

పందిరి_కింద
ప్లాస్టర్ బటన్‌కే అంటించు, పెళ్లికొడుక్కి కాదు.

గౌతమీ_నాదం
భీమవరం గారి మాటతో నాకు సగమే అంగీకారం. ప్లాస్టర్ వేస్తే అలవాటు పోతుంది గానీ విద్య రాదు.

డిలే అంటే వచ్చిన శబ్దాన్ని కాసేపు దాచి మళ్లీ పలికించడం. ఆ కాసేపు ఎంత అన్నదే అసలు సంగతి. 60,000ను పాట వేగంతో భాగిస్తే ఒక దెబ్బకు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల పాటకు 500. అందులో సగం 250, ముప్పావు 375. ఒక దెబ్బ పూర్తిగా పెడితే మారుపలుకు తరవాతి దెబ్బ మీదే పడి దాని వెనక దాక్కుంటుంది. ముప్పావు పెడితే దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో పడుతుంది. అప్పుడు పాట వేగం పెరగకపోయినా ఉరుకుతున్నట్టు ఉంటుంది. పాత పాటకు కంప్యూటర్ చూపించే అంకెను నమ్మకండి, అది పాట మొత్తానికి సగటు. ఆ పాటలోంచి మీరు బయటికి వచ్చే చోట చివరి నాలుగు దెబ్బలు వింటూ, వేగం పట్టుకునే ట్యాప్ బటన్ మీద వేలితో కొట్టండి. మీకు కావలసింది ఆ నాలుగు దెబ్బల వేగమే.

ఇక నూతి సంగతి. పాటనంతా ఎకోలోకి పంపడం వల్లే అలా వచ్చింది. చివరి అక్షరం ఒక్కటే పంపండి. పల్లవి "రావే" అని ముగిసిందనుకుందాం. "రా" దాకా ఏమీ ముట్టుకోవద్దు. "వే" నోట్లోంచి వస్తుండగా ఎకో నొక్కండి, అది ముగిసేలోపు ఫేడర్ (పాట శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) పూర్తిగా కిందికి లాగేయండి. వే, వే, వే అని అదొక్కటే గాల్లో మిగులుతుంది. దాని కింద అంతా ఖాళీ. కొత్త పాట రావలసింది ఆ ఖాళీలోకే.

లంక_మిక్సర్
మేడం, నేను ఫేడర్ లాగితే ఎకో కూడా ఠక్కున ఆగిపోతోంది. అందుకే ఫేడర్ తీయకుండా పాటను అలాగే ఉంచుతున్నాను.

గౌతమీ_నాదం
అదే తప్పు. మీ ఎకో ఫేడర్‌కు ముందు కూర్చుంది. తరవాత ఉండాలి. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో పోస్ట్ ఫేడర్ అని ఉందేమో వెతకండి. ఇంకొకటి, కొన్ని మిక్సర్లలో డిలే, ఎకో వేరువేరుగా ఉంటాయి. అక్కడ డిలే అంటే ఒక్కసారే మారుపలుకుతుంది, ఎకో అంటే తగ్గుతూ తగ్గుతూ పలుమార్లు. నేను చెప్పినదానికి రెండోది కావాలి.

లంక_మిక్సర్
దొరికింది! రెండేళ్లుగా ఆ సెట్టింగు అక్కడే ఉంది, నేను తెరవలేదు.

పాత_మైకుసెట్టు
గౌతమీ నాదం చెప్పిన ఖాళీ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట కోసమే రాస్తున్నాను.

తణుకులో మా నాన్నగారిది సౌండు సర్వీసు. నా కుర్రతనంలో ఒక పాటకచ్చేరి బృందం వాళ్లు రోలాండ్ స్పేస్ ఎకో, అంటే టేపుతో ఎకో వేసే పెట్టె, ఒకటి మరమ్మతుకు తెచ్చారు. ఆర్‌ఈ-201, 1974లో వచ్చిన రకం. మూత తీస్తే లోపల టేపు చుట్టలు లేవు. ఒకే ఒక్క టేపు, రెండు కొసలూ అతికించి ఉంగరంలా చేసినది, పలక కింద మడతలు మడతలుగా వదులుగా పడి తిరుగుతోంది. ముందు రికార్డు చేసే హెడ్డు, దాని వెనక వినిపించే హెడ్డులు మూడు. గొంతు మొదటి హెడ్డు దగ్గర టేపు మీదికి ఎక్కి, మిగతావాటి దగ్గరికి చేరేసరికి పట్టిన సమయమే ఆలస్యం. మోటారు వేగం పెంచితే ఆలస్యం తగ్గుతుంది. అంతకు మించి మాయ ఏమీ లేదు. నేను ఆ రోజు అన్నం మానేసి దాని ముందే కూర్చున్నాను.

ఇప్పుడు అసలు మాట. ఆ పెట్టెలో మారుపలుకు మళ్లీ టేపు మీదికే ఎక్కేది. ఎక్కిన ప్రతిసారీ పై పదును కొంత పోయేది. మొదటిది మాట, రెండోది మాట నీడ, నాలుగోది వచ్చేసరికి పూతరేకు పొర. అందుకే ఎన్నిసార్లు పలికినా అసలు పాటకు అడ్డు వచ్చేది కాదు. శుభ్రమైన డిజిటల్ డిలేలో ఆరో పలుకు కూడా మొదటిదంత పదునుగానే ఉంటుంది, శబ్దం మాత్రమే తగ్గుతుంది. చెవి అలసిపోయేది అందుకే. కాబట్టి ఫిల్టర్ పాట మీద తిప్పకండి. మారుపలుకు మీద తిప్పండి.

జమైకాలో, కింగ్‌స్టన్‌లో, కింగ్ టబ్బీ అని ఒకాయన ఉండేవాడు. వృత్తికి రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్. 1970లలో రికార్డయిన పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్ము, బేసు మిగిల్చి, ఇక్కడో మాట అక్కడో గిటారు ముక్క ఎకోలోకి విసిరేవాడు. ఆయన మిక్సరుకు కింది శబ్దాలను కోసే ఫిల్టర్ ఒకటి, దానికి పెద్ద నాబు. అది జారుతూ తిరిగేది కాదు, మెట్టుమెట్టుగా పడేది. ఆ మెట్లే ఆయన చేతిలో వాయిద్యమయ్యాయి. ఆయన మనలాంటి కొట్టు మెకానిక్ అని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పందిరి_కింద
బాబాయ్ గారూ, ఆ పెట్టె బాగయ్యిందా?

పాత_మైకుసెట్టు
అయ్యింది. టేపు సాగిపోయింది. కొత్తది కత్తిరించి ఏటవాలుగా అతికించాను. నిలువుగా అతికిస్తే ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది.

భీమవరం_బేస్
ఇది చదివి వెంటనే లేచి చేసి చూశాను. ఎకో తోకలో, అంటే చివర మిగిలే మారుపలుకుల్లో, 300 హెర్ట్జ్ కింద అంతా కోసేశాను, పైన 4,000 దాటినదీ కోసేశాను. తోక పాత టెలిఫోనులో మాటలా అయ్యింది. దాని కింద కొత్త పాట బేసు వస్తే రెండూ ఒకదాన్నొకటి తాకలేదు. ప్లాస్టర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఫిల్టర్ గురించి నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే దీనికి నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. రెండు పాటల బేసు ఒకేసారి వదలకూడదు. కొత్త పాటను 150, 200 హెర్ట్జ్ దగ్గర కింద కోసి, గొంతూ తాళాలూ మాత్రమే లోపలికి తేవాలి. జనం పాటను గుర్తుపట్టి కేక వేస్తారు. అప్పుడు మొదటి దెబ్బ మీద పాత పాట బేసు తీసి కొత్తదాని ఫిల్టర్ తెరవాలి, రెండు చేతులూ ఒకే క్షణంలో. కేకకూ ఆ దెబ్బకూ మధ్య ఎంతసేపు ఆపుతామో అందులోనే ఉంది రుచి అంతా. నాలుగు దెబ్బలు చాలదు, ముప్పై రెండు ఎక్కువ. నేను పదహారు ఆపుతాను.

జాగ్రత్త పడవలసింది రెజొనెన్స్ నాబుతో. ఫిల్టర్ ఎక్కడ కోస్తుందో సరిగ్గా ఆ అంచు దగ్గర శబ్దాన్ని అది పైకి లేపుతుంది. సగానికి మించి పెట్టి 2,000 నుంచి 4,000 మధ్య తిప్పితే చెవిలో సూది గుచ్చినట్టు ఉంటుంది, ఎందుకంటే మన చెవి ఎక్కువ చురుగ్గా ఉండేది అక్కడే. నేను ఒక జాతరలో దాన్ని నిండా తిప్పి, పైన ఎకో ఫీడ్‌బ్యాక్ (మారుపలుకును మళ్లీ ఎకోలోకే పంపేది) కూడా చివరి దాకా పెట్టాను. ఫీడ్‌బ్యాక్ నూరు శాతం దాటితే మారుపలుకు తగ్గదు, పెరుగుతుంది. మూడు సెకన్లలో ఏనుగు ఘీంకారంలా లేచింది. నేను నాబు వెతుక్కునేలోపు రెండు హారన్ స్పీకర్ల డయాఫ్రమ్‌లు (లోపల కంపించే పొరలు) పోయాయి. ఆ సీజన్ సంపాదన వాటికే సరిపోయింది.

వశిష్ఠ_గాలి
ఆ ఫీడ్‌బ్యాక్ నాబుకు ముప్పాతిక దగ్గర ఒక చుక్క పెయింటు పెట్టుకోండి. చీకట్లో కూడా కనపడేది. నేను పెళ్లికూతురి గోళ్ల రంగు అడిగి తీసుకున్నాను.

డప్పు_దరువు
మీరంతా బల్ల వెనక నిలబడి మాట్లాడుతున్నారు. బండి ముందు నిలబడేవాడి మాట కూడా వినండి.

మాకు మీ స్పీకరే దిక్కు. దాని బీటు వింటూ మేము దరువు వేస్తాం. మీరు డిలే వేసిన క్షణం మాకు రెండు దరువులు వినపడతాయి, ఒకటి నిజం, ఒకటి దొంగది. ఏది నిజమో వెంటనే తెలియదు. గరగ నెత్తిన పెట్టుకుని ఆడేవాడి కాలు దెబ్బ మీదే నేలను తాకుతుంది. దొంగ దెబ్బకు కాలు పడితే గరగ కదులుతుంది. అది అమ్మవారి గరగ, కింద పడకూడదు. మా బృందంలో ఒక అబ్బాయి కిందటేడు అలాగే తూలి మోకాలు పగలగొట్టుకున్నాడు గానీ గరగను మాత్రం పడనివ్వలేదు.

ఇంకొకటి. మీ ముప్పావు లెక్క నాలుగు దెబ్బల పాటకు పుట్టింది. మా దరువుల్లో చాలావాటి నడక మూడు. తకిట తకిట. దాని మీద మీ ముప్పావు పడితే అటూ ఇటూ కాకుండా చతికిలపడుతుంది. గౌతమీ నాదం గారు దీనికేమంటారు?

గౌతమీ_నాదం
నిజం, నేను చెప్పింది చతురశ్రానికి, అంటే నాలుగు నడకకు మాత్రమే. తిశ్రానికి, అంటే మూడు నడకకు లెక్క మారాలి.

నిమిషానికి 90 పెద్ద దెబ్బలు అనుకుందాం, ఒక్కోదానిలో మూడు చిన్నవి. పెద్ద దెబ్బ 667 మిల్లీసెకన్లు. మారుపలుకు "కి" మీద పడాలంటే 222, "ట" మీద పడాలంటే 444. చాలా మిక్సర్లలో మూడో వంతుకు బటన్ ఉండదు. దానికి ఒక ఉపాయం: ట్యాప్ చేసేటప్పుడు 90 బదులు ఒకటిన్నర రెట్లు, అంటే 135 వేగంతో కొట్టండి. మిక్సర్ ఒక దెబ్బను 444 అనుకుంటుంది. సగం బటన్ నొక్కితే 222 వస్తుంది. వేలికి అలవాటు కావడానికి నాకు వారం పట్టింది. తకిట తకిట అనుకుంటూ ఒక అక్షరం విడిచి ఒక అక్షరం మీద కొట్టడమే: త, ట, కి, మళ్లీ త.

డప్పు_దరువు
నోటితో అనుకుంటూ తొడ మీద కొట్టి చూశాను. కుదిరింది. మా గురువుగారు చిన్నప్పుడు ఇలాగే విడిచి విడిచి కొట్టించేవారు, అది మీ పెట్టెలోకి వెళ్తుందని అనుకోలేదు.

కానీ నా మాట నాదే. మేము వాయిస్తున్నంతసేపు ఎకో వద్దు. మేము ముక్తాయింపు వేసి ఆగుతాం చూడండి, ఆ చివరి దెబ్బ పట్టుకోండి. దాన్ని ఎంత దూరం తీసుకెళ్తారో మీ ఇష్టం.

పాత_మైకుసెట్టు
ఈ మాటకు నేను చేయి కలుపుతాను. డప్పుకు ఒక మైకు వేరే పెట్టి, అది ఎప్పుడూ మూసి ఉంచి, ఆ ఒక్క దెబ్బకు మాత్రం ఎకోలోకి తెరవాలి.

సన్నాయి_మనవడు
మాది పాలకొల్లు దగ్గర, నాదస్వరం ఇల్లు. నేను ల్యాప్‌టాప్ పట్టాను, తాతగారు ఇంకా ఊదుతున్నారు. ఇద్దరం కలిసి చేయడానికి రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాం.

సన్నాయికి డిలే వేస్తే వచ్చే చిక్కు దరువుది కాదు, స్వరానిది. పోయిన స్వరం ఇంకా గాల్లో ఉండగానే కొత్త స్వరం వస్తుంది. రెండూ కలిసి పలుకుతాయి. మోహన రాగంలో అయితే ఏ స్వరం మీద ఏది పడినా ఒప్పుతుంది, ఎందుకంటే దాని ఐదు స్వరాల్లో అరస్వరం దూరంలో ఆనుకున్నవి లేవు. తోడిలో వేసి చూశాం. షడ్జం మీద శుద్ధ రిషభం మారుపలుకు పడగానే తాతగారు సన్నాయి దించి నా వైపు చూశారు. ఏమీ అనలేదు. అప్పటి నుంచి మోహన, హంసధ్వని లాంటివాటికి కొంచెం వాడతాను. హంసధ్వనిలో నిషాదం, షడ్జం ఆనుకునే ఉంటాయి కాబట్టి అక్కడ చేయి ఫేడర్ మీదే. గమకాల రాగాలకు అసలు వేయను.

ఫిల్టర్ మాత్రం శ్రుతి మీద వాడతాను. శ్రుతిపెట్టె నాదాన్ని లోపాస్‌లో (పైశబ్దాలను కోసే ఫిల్టర్‌లో) మూసి మొదలుపెట్టి, ఆలాపన పైస్థాయికి వెళ్తున్నకొద్దీ నిదానంగా తెరుస్తాను. నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఎవరికీ తెలియదు ఏదో మారుతోందని, కానీ పందిట్లో మాటలు ఆగిపోతాయి. హిందీ సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లోనే బొంబాయిలో టీబీ-303 బేసు యంత్రం, టీఆర్-808 డ్రమ్ము యంత్రం పెట్టుకుని రాగాలు వాయించారు. రాగమూ ఫిల్టరూ కలవవని నాకెవరూ చెప్పవద్దు.

భీమవరం_బేస్
నాలుగైదు నిమిషాలు ఒక నాబు తిప్పడమా! నా చేతికి అంత ఓర్పు లేదు. ఊరేగింపులో అయితే జనం వెళ్లిపోతారు.

సన్నాయి_మనవడు
ఊరేగింపుకు కాదు, విడిదిలో. చోటు మారితే చేయి కూడా మారాలి కదా.

యానాం_తీరం
ఎకో గురించి ఇంత మాట్లాడుకుంటున్నారు, ఎవరూ గాలి చేసే ఎకో గురించి అనలేదు. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. పందిట్లో ముందు ఒక సెట్టు, 35 మీటర్ల వెనక ఇంకో సెట్టు పెడితే, వెనక కూర్చున్నవాళ్లకు దగ్గరి స్పీకరు ముందు వినపడి, ముందున్న స్పీకరు పదో వంతు సెకను తరవాత వస్తుంది. అది మీరు వేయని డిలే. 120 వేగానికి అది దెబ్బలో అయిదో వంతు, ఏ లెక్కకూ అందదు. వెనక సెట్టుకు 100 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి రెండూ కలపండి. అది చేయకుండా మీరు ఎంత ముచ్చటగా ఎకో వేసినా వెనక వరసలో ముద్దే.

కాలువకు అవతల పక్కా గోడలు ఉన్నచోట కూడా అంతే. చప్పట్లు కొట్టి వినండి. తిరిగి వస్తోందంటే అక్కడ మీ ఎకో తగ్గించండి, ఆ ఊరే వేస్తోంది.

పాత_మైకుసెట్టు
రాత్రి గోదావరి మీద ఇంకా చిత్రం. నీటి దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. ఇవతలి లంకలో వేసిన పాట అవతలి గట్టు మీద స్పష్టంగా వినపడుతుంది. పది దాటితే లౌడ్‌స్పీకర్ ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్పేది వీళ్లందరి కోసమే. బేసు ఫిల్టర్‌తో కోశాం కదా అని పదిన్నర దాకా వాయించకండి. అవతల పసిపిల్లలు ఉంటారు.

వశిష్ఠ_గాలి
నేను ఒకటి చేశాను, పంచుకోవాలని ఉంది. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) బయలుదేరేటప్పుడు దాని ఇంజను చప్పుడు ఫోనులో రికార్డు చేశాను. డుబ్ డుబ్ డుబ్ అని మొదట నెమ్మదిగా, తరవాత కుదురుకుంటుంది. లోపాస్ పూర్తిగా మూసి గుండె చప్పుడులా చేసి, ముప్పావు డిలే పెట్టి, ఫిల్టర్ కొంచెం కొంచెం తెరుస్తూ పోతే అదే ఒక బీటు అయ్యింది. దాని మీద పాట తెచ్చాను. మా ఊరివాళ్లు రెండో నిమిషంలో గుర్తుపట్టి "పంటు, పంటు" అని అరిచారు. ఏ పాటకూ అంత కేక రాలేదు.

లంక_మిక్సర్
ఇది చదివి ఒళ్లు ఝల్లుమంది.

పందిరి_కింద
జగ్గన్నతోట తీర్థంలో కనుమనాడు ప్రభలు (భుజాల మీద మోసే దేవుడి అలంకారాలు) కౌశిక కాలువ దాటేటప్పుడు "శరభా శరభా" అంటారు కదా, దానికి డిలే వేస్తే ఎలా ఉంటుంది?

డప్పు_దరువు
వేయకండి. భుజం మీద ప్రభ ఉన్నవాళ్లు ఆ కేకతోనే అడుగు కలుపుతారు. ఒకరంటే వెనకవాళ్లు అందుకుంటారు. అక్కడ మారుపలుకు మనుషులే.

లంక_మిక్సర్
నిన్న రాత్రి రాజోలు వైపు కాలువగట్టు మీద ఊరేగింపు. మీరు చెప్పినవన్నీ చీటీ మీద రాసి ల్యాప్‌టాప్‌కు అంటించుకుని వెళ్లాను.

రాత్రి మొత్తం మీద ఎకో అయిదుసార్లు వేశాను. లెక్కపెట్టుకున్నాను. తోకలో కింద 300 దాకా కోశాను. మొదటిసారి చేయి వణికి "వే" బదులు తరవాతి వాయిద్యం ముక్క పడింది. రెండోసారి సరిగ్గా పడింది. ఫేడర్ లాగాక ఆ ఒక్క అక్షరం కొబ్బరిచెట్ల మధ్యకు పోతుంటే ఆడుతున్న వాళ్లంతా చేతులు పైకెత్తి అలాగే ఆగారు. అంత నిశ్శబ్దం నా సెట్టులో నేనెప్పుడూ వినలేదు. కొత్త పాట మొదటి దెబ్బ మీద అందరూ ఒక్కసారి దిగారు.

తిశ్రం లెక్క నాకు ఇంకా రాలేదు. 135 కొట్టబోయి ఎక్కడో తప్పి, వెంటనే మూసేశాను. కానీ డప్పులవాళ్లతో ముందే మాట్లాడుకున్నాను. వాళ్లు ముక్తాయింపు వేసి ఆగినప్పుడు చివరి దెబ్బ పట్టుకున్నాను. వాళ్ల పెద్దాయన వెనక్కి తిరిగి బండి వైపు చూసి తల ఊపారు. తొమ్మిది యాభైకి ఫిల్టర్ నిదానంగా మూసి ఆపేశాను.

డప్పు_దరువు
తల ఊపారంటే చాలు. మావాళ్లు ఊరికే ఊపరు. తిశ్రం కోసం ఆదివారం మా ఇంటికి రండి, డప్పు మీద చూపిస్తాను.

లంక_మిక్సర్
తప్పకుండా వస్తాను. వశిష్ఠ గాలి గారూ, ఆ పంటు రికార్డింగు నాకు కూడా పంపుతారా?

వశిష్ఠ_గాలి
పాతది వద్దు, రేపు రేవుకు వెళ్లి కొత్తది తీస్తాను. పాతదాంట్లో ఇంజను మధ్యలో ఎవరో "పల్లీలు పల్లీలు" అని అమ్ముతున్న కేక పడిపోయింది.

గౌతమీ_నాదం
అయ్యో, ఆ కేక తీయకండి. అదే కావాలి. నాకు కూడా పంపండి.